మరి ఆ అమ్మాయి సంగతేంటి?



బైబిలు కళాశాలలో గ్రీకు భాష మొదలుపెట్టిన వారికి తొలి ఏడాదిలోనే ఎదురయ్యే మాటలలో కొయినోనియా ఒకటి. మన తెలుగు బైబిలులో దానిని ఎక్కువ చోట్ల సహవాసము అని చదువుకుంటాము. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం 42వ వచనంలో అది మొదటిసారి కనిపిస్తుంది. క్రొత్త నిబంధన మొత్తం మీద ఇంచుమించు 20 చోట్ల ఉన్నది. దాని వేరు కొయినోస్ అనే మాట. అనగా ఉమ్మడిది, అందరిదీ అని అర్థం. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకును కొయినే గ్రీకు అంటున్నది కూడా అందుకే. అది బజారులో అందరూ మాట్లాడుకున్న ఉమ్మడి భాష. రోమా పత్రిక 15:26లో యెరూషలేము బీదల నిమిత్తం పోగుచేసిన సొమ్మును పౌలు ఈ మాటతోనే పిలిచాడు. కాబట్టి సహవాసమంటే ఆదివారం ఆరాధన ముగిశాక చేతులు కలిపి వందనాలు చెప్పుకోవడం ఒక్కటే కాదు, జేబులో చెయ్యి పెట్టడం కూడాను.

డిప్లొమా పరీక్షలో ఈ మాట మీద నేను నాలుగు పేజీలు వ్రాసి వచ్చాను గాని, దానికి 40,000 డాలర్లు పలుకుతాయని ఏనాడూ అనుకోలేదు. 2018 మే 31వ తేదీ రాత్రి, అనగా మనకు జూన్ 1 తెల్లవారిన తర్వాత, అమెరికాలో వాషింగ్టన్ నగరం దగ్గర ఒక పెద్ద వేదిక మీద 14 ఏళ్ళ తెలుగు పిల్లవాడు మైకు ముందు నిలబడి ఈ మాటను అక్షరం అక్షరంగా చెప్పాడు. కె, ఓ, ఐ, ఎన్, ఓ, ఎన్, ఐ, ఎ. పైనుండి రంగు కాగితాలు కురిశాయి. ఆ బాలుడు టెక్సాస్ రాష్ట్రంలోని మెకిన్నీ ఊరివాడు, పేరు కార్తీక్ నెమ్మాని.

స్పెల్లింగ్ బీ అంటే తెలియని పెద్దవారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఇది 1925లో తొమ్మిది మంది పిల్లలతో మొదలైన పోటీ. యుద్ధం వలన 1943 నుండి 1945 వరకు, కోవిడ్ వలన 2020లో ఆగింది తప్ప ఏటా జరుగుతూనే ఉన్నది. ఎనిమిదవ తరగతి దాటని పిల్లలు మాత్రమే పాల్గొనాలి. ఒక పండితుడు ఇంగ్లీషు నిఘంటువులోని మాట ఒకటి పలుకుతాడు. పిల్లవాడు దాని అర్థం అడగవచ్చు, ఏ భాషనుండి వచ్చిందో అడగవచ్చు, వాక్యంలో పెట్టి చెప్పమనవచ్చు. తర్వాత అక్షరాలు చెప్పాలి. నోట వచ్చిన అక్షరం వెనక్కు తీసుకోవడానికి వీల్లేదు. తప్పు పడితే చిన్న గంట మోగుతుంది. ఆ గంట శబ్దం ఎంత చిన్నదో, ఆ పిల్లవాని ముఖంలో మార్పు అంత పెద్దది. 2003 నుండి ఆ మాటలు పలుకుతున్న జాక్ బెయిలీ గారు 1980లో ఇదే పోటీలో గెలిచిన మనిషి, విశ్వవిద్యాలయంలో గ్రీకు, లాటిను చెప్పే ఆచార్యుడు. ఆయన నోట కొయినోనియా అనే మాట వినిపించినప్పుడు ఇక్కడ తల్లాడలో ఫోను చేతిలో పట్టుకుని చూస్తున్న నాకు మా గ్రీకు మాస్టారు గుర్తుకొచ్చారు. అయితే మా మాస్టారు ఇంత ఓపికగా రెండుసార్లు పలికేవారు కాదు!

టెలివిజనులో తెలివి పోటీలు మనకు కొత్త కాదు. 2021 నవంబరులో జెమిని టి.వి.లో జూనియర్ ఎన్.టి.ఆర్. నడిపిన కార్యక్రమంలో మన కొత్తగూడెం ప్రాంతానికి చెందిన ఎస్.ఐ. రాజా రవీంద్ర కోటి రూపాయలు గెలిచినప్పుడు మా ఊరి బస్టాండులో టీ కొట్టు దగ్గర కూడా అదే ముచ్చట. కాని ఆ ఆటలో ఎదుట ఇంకొక పోటీదారుడు ఉండడు. ఎదుట ఉన్నది ప్రశ్న మాత్రమే. ఒకరు గెలిచినందువలన మరొకరు ఓడిపోరు. ఇంగ్లండులో 1982 నవంబరు 2న మొదలైన అక్షరాలు, అంకెల ఆట ఒకటున్నది, దాని పేరు కౌంట్ డౌన్. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. తొమ్మిది అక్షరాలు ఇస్తారు, 30 సెకండ్లలో వాటితో ఎంత పొడుగు మాట కూర్చగలిగితే అన్ని మార్కులు. ఆరు అంకెలు ఇస్తారు, కూడి, తీసివేసి, హెచ్చించి, భాగించి చెప్పిన సంఖ్యకు చేరాలి. చివరకు కలగాపులగం చేసిన తొమ్మిదక్షరాల మాటను ఎవరు ముందు విప్పితే వారికి మార్కులు. ఇద్దరి మధ్య రెండు మూడు మార్కుల తేడా ఉన్నప్పుడు చూడాలి, ఇంట్లో అందరూ కంచాల ముందు చేయి ఆపేస్తారు. అక్కడ ఒకరి గెలుపు మరొకరి ఓటమే. స్పెల్లింగ్ బీ చివరి ఘట్టమూ అంతే.

మన తెలుగులో ఇటువంటి పోటీ ఎందుకు పుట్టలేదు? పలికినట్టు వ్రాసే భాష మనది. అక్షరాల లెక్క అడిగితే రెండో తరగతి పిల్లవాడు కూడా చెప్పేస్తాడు. (శ, ష, స దగ్గర, ల, ళ దగ్గర పెద్దవాళ్ళే తడబడతారనుకోండి. మా సంఘం గోడపత్రికల సంగతి నన్నడగవద్దు.) అక్షరంతో ఆట మనకు అవధానంలో ఉన్నది. ఫలానా అక్షరం వాడకూడదని ఒకరు అడ్డుపడతారు, ఫలానా చోట ఫలానా అక్షరమే రావాలని ఒకరు కట్టడి చేస్తారు, మధ్యలో మోగిన గంటలెన్నో లెక్కపెట్టి చెప్పమంటారు. కాని అక్కడ కూడా అవధాని ఒక్కడే, ఎవరినీ ఓడించడు.

ఇక కార్తీక్ సంగతి. ఆ రాత్రి చివరకు ఇద్దరే మిగిలారు. రెండవ వ్యక్తి 12 ఏళ్ళ నైసా మోదీ. ఆమెదీ టెక్సాసే, ఫ్రిస్కో పట్టణం, పక్క పక్క ఊళ్ళు. అంతకు కొద్ది నెలల ముందే వారిద్దరూ తమ ప్రాంతపు పోటీలో ఎదురుపడ్డారు. అప్పుడు గెలిచినది నైసా, ఓడినది కార్తీక్. పాత నియమాల ప్రకారమైతే అతని కథ అక్కడితో ముగిసిపోవలసినదే. అయితే ఆ ఏడాదే నిర్వాహకులు ఒక పక్క తలుపు తెరిచారు. ప్రాంతీయ పోటీలో నెగ్గని పిల్లలు కూడా దరఖాస్తు పెట్టుకుని, 750 డాలర్ల రుసుము కట్టుకుని, దారి ఖర్చులు తామే భరించుకుని రావచ్చునన్నారు. ఆ కారణాన ఎప్పుడూ 300 లోపు ఉండే పోటీదారులు ఆ ఏడు 500 దాటారు. ఆ పక్క తలుపు గుండా వచ్చినవాడే కార్తీక్.

చివర్లో నైసాకు జర్మను భాషనుండి వచ్చిన ఒక చాంతాడంత మాట వచ్చింది, బెవుస్ట్‌జైన్స్‌లాగె. ఎస్ అక్షరం ఒకటా రెండా అన్న చోట ఆమె తడబడింది. గంట మోగింది. కార్తీక్ తన మాట సరిగా చెప్పి, ఆ తర్వాత కొయినోనియా కూడా చెప్పాడు. పోటీ ముగిసింది.

ప్రసంగాలకు ఉదాహరణలు వెదుక్కునే మా వంటివారికి ఇటువంటి కథలు కోతలయిన మడిలో పరిగె వంటివి. కనబడిన వెంటనే వంగి ఏరుకుంటాము. ఓడినవాడు తిరిగి లేచాడు, తనను ఓడించినవారినే గెలిచాడు! నేనూ ఏరుకున్నాను. ఆ వారంలో దానిని చెప్పవలసిన ఇల్లు ఒకటి మా ఊళ్ళో ఉన్నది గనుక మరీ ఆత్రంగా ఏరుకున్నాను.

మా తల్లాడ తెలియనివారికి చెబుతాను. ఖమ్మం నుండి వైరా మీదుగా వచ్చిన రోడ్డు ఇక్కడ చీలుతుంది. ఒక పాయ సత్తుపల్లికి, ఒక పాయ కొత్తగూడెం వైపు అడవి దారిని పోతుంది. వరి, పత్తి, మిర్చి మా బ్రతుకు. మా సంఘంలో సగంపైగా కూలికి పోయేవారే. ఏటా మే నెలలో పదిరోజులు వి.బి.ఎస్. జరుపుతాము. పిల్లలందరికీ పాటలు, కథలు, మధ్యాహ్నం పులిహోరో ఉప్మానో, ఆఖరి రోజున పోటీలు. తల్లిదండ్రులకు ఇంగ్లీషు మీద మోజు ఎక్కువయిన తర్వాత, బైబిలులోని పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో చెప్పే పోటీ కూడా పెట్టాము. 2018లో ఆ పోటీకి 23 మంది నిలబడ్డారు. అబ్రాహాము, ఇస్సాకు అంటూ తేలికగా మొదలై, యెహోషాపాతు దగ్గరకు వచ్చేసరికి ముప్పాతిక మంది కూర్చుండిపోయారు. చివరకు ఇద్దరు. కిరాణా కొట్టు వారి అబ్బాయి ఒకడు. రెండవది ఏడవ తరగతి అమ్మాయి, సర్కారు బడిలో చదివే పిల్ల. తండ్రి లేడు, తల్లి హైదరాబాదులో పనిచేస్తుంది, పెంచుతున్నది నాయనమ్మ. ఆ పెద్దామె కలుపు తీతకు, మిరప కాయ కోతకు పోతుంది.

ఆ ఇద్దరూ పదకొండు పేర్లు ఒకరి తర్వాత ఒకరు తప్పు లేకుండా చెప్పారు. వెనుక నిలబడిన పెద్దలు కూడా గుసగుసలు మానేశారు. మందిరంలో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినబడుతున్నది. పన్నెండవ పేరు అమ్మాయికి హబక్కూకు. ఆమె కళ్ళు మూసుకుని హెచ్, ఎ, బి, ఎ, కె అన్నది, ఆగింది, యు, కె అని ముగించింది. మధ్యలో ఇంకొక కె ఉండాలి. అబ్బాయి అది సరిచేసి చెప్పాడు, తర్వాతి పేరు మెల్కీసెదెకు కూడా చెప్పాడు. అతనికి ఇంగ్లీషు తెలుగు నిఘంటువు, ఆమెకు పెన్ను. అమ్మాయి ఏడవలేదు. చప్పట్లు కూడా కొట్టింది. అందరూ వెళ్ళిపోయాక నా భార్య బల్లలు సర్దుతుంటే ఆ పెన్ను కవరుతో సహా బల్ల మీదే ఉన్నది.

మరుసటి ఆదివారం ఆమె సండే స్కూలుకు రాలేదు. నాయనమ్మ ఒక్కతే వచ్చింది. "రానంటది అయ్యగారూ. అన్నం కూడా సరిగ్గ తింటలేదు. ఆ డిక్షనరీ దానికి కావాలంట. బళ్ళో టీచరమ్మ కొనుక్కోమన్నదంట, నా దగ్గర ఏడున్నయి?" అన్నది. అప్పటికి గాని మాకు తెలియలేదు. ఆ పిల్ల పోటీకి నిలబడినది గెలుపు కోసం కాదు, నిఘంటువు కోసం. కిరాణా కొట్టు వారింట్లో అది రెండవదో మూడవదో అయి ఉంటుంది.

జూన్ మొదటి వారంలో నేనూ మా ఇంటావిడా వాళ్ళింటికి వెళ్ళాము. ఆ పెన్నూ, కార్తీక్ ఫోటో వేసిన వార్తాపత్రికా పట్టుకుని వెళ్ళాము. వాకిట్లో నులక మంచం వేశారు. నేను కథ మొదలుపెట్టాను. ప్రాంతీయ పోటీలో ఓడిపోయాడమ్మా, ఐనా వదల్లేదు, మళ్ళీ నిలబడ్డాడు, తనను ఓడించిన అమ్మాయి మీదే గెలిచాడు చూశావా, అని కొంత స్వరం పెంచి చెప్పాను. నాయనమ్మ "చూడు, చూడు" అని తల ఊపింది. అమ్మాయి పత్రిక తీసుకుని ఫోటో చూసింది. క్రింద ఉన్న నాలుగు వరసలు చదివింది. తర్వాత తలెత్తి అడిగింది, "మరి ఆ అమ్మాయి సంగతేంటి అయ్యగారూ?"

నేనేమి చెప్పగలను? "ఆమె రెండవ స్థానంలో వచ్చిందమ్మా" అన్నాను. "అంటే పెన్ను ఇచ్చారా?" అన్నది. మా ఇంటావిడ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మాయి కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే ఆమె తిరిగి రావడం మొదలయిందని మా ఇంటావిడ నేటికీ అంటుంది. వచ్చింది కూడా. కాని ఆ పోటీకి మళ్ళీ ఎన్నడూ నిలబడలేదు.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. గెలిచినవాని కథ మనము కప్పు ఎత్తిన చోట ఆపేస్తాము. కార్తీక్ కథలో ఓడి లేచినవాడు కార్తీక్. అదే కథను నైసా వైపునుండి చెబితే? ముందు గెలిచి, నియమం మారినందున మరల ఎదురైన వాని చేతిలో ఒక్క అక్షరంతో ఓడిన పిల్ల కథ అది. రెండూ నిజమే. అందులో ఎవరిదీ అన్యాయం లేదు, కార్తీక్ చదివి గెలిచాడు. అయితే ఆ పక్క తలుపుకు ఆ ఏడు 750 డాలర్ల వెల ఉండేది, అప్పటి లెక్కలో దాదాపు 50,000 రూపాయలు. ఆ తలుపు దగ్గరకే రాలేని పిల్లల పేర్లు ఏ పత్రికలోనూ పడవు.

ఆనాటి నుండి ఏటా మే నెలాఖరున ఈ పోటీని గమనించడం నాకు అలవాటయింది. వెనుకటి ఏళ్ళవి కూడా వెదికి చదివాను. 1985లో బాలు నటరాజన్ భారత సంతతి నుండి మొట్టమొదటి విజేత. 2008 నుండి 2018 వరకు ప్రతి ఏడూ విజేతలలో మన దేశపు మూలాలున్న పిల్లలే. వారిలో తెలుగింటి పేర్లు చూసుకుని మురిసిపోయాను. 2012లో స్నిగ్ధ నందిపాటి. 2013లో అరవింద్ మహంకాళి. ఈ అరవింద్ 2011లోనూ, 2012లోనూ మూడవ స్థానంలో ఆగిపోయినవాడు. రెండుసార్లూ అతన్ని పడగొట్టినవి జర్మను మాటలే. 2013లో అతనికి కిరీటం తెచ్చిన ఆఖరి మాట క్నైడెల్, యూదులు పులుసులో వేసుకునే ఒక ఉండ పేరు. అదీ జర్మను నుండి యిద్దిషు భాషలోనికి వచ్చిన మాటే! 2016లో 11 ఏళ్ళ నిహార్ జంగా, జైరామ్ హత్వార్ అనే మరో బాలునితో సమంగా నిలిచి కిరీటం పంచుకున్నాడు.

ఈ పిల్లలలో అనేకులు అక్షరాభ్యాసం వంటిది చేసిన చోటు ఒకటున్నది. నార్త్ సౌత్ ఫౌండేషన్ అనే సంస్థ. 1989లో రత్నం చిట్టూరి అనే తెలుగాయన అమెరికాలో స్థాపించాడు. అక్కడి మన పిల్లలకు స్పెల్లింగ్, పదాల అర్థాలు, లెక్కలు మొదలైన వాటిలో పోటీలు పెడుతుంది. ఆ పోటీల ద్వారా వచ్చే సొమ్ముతో ఇండియాలో చదువుకునే స్తోమత లేని తెలివైన విద్యార్థులకు ఉపకారవేతనాలు ఇస్తుంది. అక్కడ ఒక బిడ్డ అక్షరాలు వల్లె వేస్తే ఇక్కడ ఒక బిడ్డ కళాశాల ఫీజు కట్టబడుతుందన్నమాట. రోమా పత్రికలో పౌలు ఏ అర్థంలో ఆ మాట వాడాడో ఆ అర్థానికి ఇది దగ్గరగా ఉన్నది. కొయినోనియాకు అక్షరాలు చెప్పినవాడు గెలిచాడు, సంతోషమే. కాని ఆ మాటకు అర్థం ఈ ఫీజు రసీదుల్లోనే ఎక్కువగా ఉందని నాకనిపించింది.

2019లో విచిత్రం జరిగింది. 20 రౌండ్లు గడిచినా ఎనిమిది మంది పడిపోలేదు. ఆఖరి రౌండ్లలో ఒక్కరి దగ్గరా గంట మోగలేదు. నిర్వాహకుల దగ్గర వీళ్ళను కూర్చోబెట్టగల మాటలు అయిపోయాయి! ఎనిమిది మందినీ విజేతలుగా ప్రకటించి ఒక్కొక్కరికీ 50,000 డాలర్లు పూర్తిగా ఇచ్చారు. ఎనిమిది మందిలో ఏడుగురు మన దేశపు మూలాలవారు. అభిజయ్ కోడాలి వారిలో ఒకడు. నేను ఈసారి గెలుపు ఖాయమనుకుని, ఎనిమిదవ తరగతికి వచ్చిన మా అమ్మాయి దగ్గరకు వెళ్ళి చెప్పాను. ఎవరూ ఓడిపోలేదు చూడమ్మా! ఆమె వెంటనే, "మొత్తం ఎంతమంది వచ్చారు అయ్యగారూ?" అన్నది. 562 మంది. "ఎనిమిది పోతే 554" అన్నది. లెక్కల్లో కూడా గట్టి పిల్లే.

నిర్వాహకులకు మాత్రం ఎనిమిది మంది విజేతలు నచ్చలేదు కాబోలు. 2021 నుండి క్రొత్త నియమం పెట్టారు. ఎవరూ పడకపోతే గడియారం పెట్టి 90 సెకండ్లలో ఎవరు ఎక్కువ మాటలు సరిగ్గా చెబితే వారే విజేత. ఇది మొదట వాడినది 2022లో. హరిణి లోగన్ 21 మాటలు చెప్పింది, విక్రమ్ రాజు 15. ఈ హరిణిని అదే రాత్రి అంతకు ముందు ఒక మాట అర్థం దగ్గర తప్పని ప్రకటించి పంపించేశారు. తర్వాత న్యాయనిర్ణేతలు మరల పరిశీలించి, ఆమె చెప్పినది కూడా చెల్లుతుందని వేదిక మీదికి తిరిగి పిలిచారు. తీర్పు చెప్పే కుర్చీలో కూర్చునేవారందరూ ఈ సంగతి ఒకసారి తలచుకోవడం మంచిది. తీర్పు తిరిగి చూసుకున్నందుకు ఆ పోటీ గౌరవం తగ్గలేదు.

2024లో మళ్ళీ గడియారమే. మన నల్గొండ మూలాలున్న బృహత్ సోమ, ఫ్లోరిడాలో ఉండే 12 ఏళ్ళ బాలుడు, ఒక వైపు. టెక్సాస్‌కు చెందిన ఫైజాన్ జకీ మరొక వైపు. బృహత్‌కు భగవద్గీతలో చాలా భాగం కంఠతా వచ్చునని ఆనాటి వార్తల్లో చదివాను. కంఠస్థం చేయడం పాతకాలపు పద్ధతి అని ఎగతాళి చేసే మన యువతకు చూపించాను ఆ వార్త. 90 సెకండ్లలో ఆ పిల్లవాడు 30 మాటలు అందుకుని 29 సరిగ్గా చెప్పాడు. మూడు సెకండ్లకు ఒకటి! పేపరు మీద చూసి చదవమన్నా నా వల్ల కాదు. ఫైజాన్ మధ్య మధ్య తడబడ్డాడు. 20 దగ్గర ఆగాడు.

"మరి ఫైజాన్ సంగతేంటి?" అని ఈసారి నన్ను ఎవరూ అడగలేదు. మా అమ్మాయి అప్పటికి ఖమ్మంలో ఇంటర్ ముగించి నర్సింగులో చేరే ప్రయత్నంలో ఉన్నది. నేనే అడుగుకున్నాను. జవాబు రావడానికి ఏడాది పట్టింది.

2025 పోటీ ఆ స్పెల్లింగ్ బీకి నూరేళ్ళ పండుగ. మే 29 రాత్రి అక్కడ చివరకు ముగ్గురు మిగిలారు. ఇద్దరు తమ మాటలు తప్పిపోయారు. ఫైజాన్ తన మాట సరిగ్గా చెబితే కిరీటం వైపు తలుపు తెరిచినట్టే. మాట వచ్చింది, కొమ్మెలైనా. అర్థం అడగలేదు, భాష అడగలేదు. ఆత్రంలో కె, ఎ అంటూ మొదలుపెట్టేశాడు. అది సి అక్షరంతో మొదలయ్యే మాట. నోట వచ్చినది వెనక్కు రాదు. గంట. ఓడిపోయామనుకున్న ఆ ఇద్దరు పిల్లలు మళ్ళీ లేచి మైకు దగ్గరకు వచ్చారు, పోటీ మరల మొదలయింది. కొంతసేపటికి వారిద్దరూ తిరిగి తడబడ్డాక ఫైజాన్ ఫ్రెంచి నుండి వచ్చిన ఎక్లెర్సిస్‌మాన్ అనే మాట చెప్పి వేదిక మీదే వెల్లకిలా పడిపోయాడు.

ఈ సంగతి ఈసారి నాకు చెప్పినది మా అమ్మాయే. ఆ వారం మా వి.బి.ఎస్. జరుగుతున్నది. సెలవుల్లో ఇంటికి వచ్చి చిన్నపిల్లల తరగతి ఆమే చూసుకుంటున్నది. పేర్ల పోటీ జాబితా తయారుచేసే పని కూడా ఆమెకే ఇచ్చాము. జాబితాలో హబక్కూకు ఉన్నదా అని చూశాను. ఉన్నది. బహుమతుల దగ్గర మాత్రం మొదటి బహుమతికీ రెండవ బహుమతికీ ఒకటే వస్తువు వ్రాసింది, నిఘంటువు. మూడవ బహుమతి పెన్ను. "మూడో వాళ్ళ సంగతేంటి మరి?" అని నేను అడిగాను. "డబ్బులు రెండిటికే ఉన్నాయి అయ్యగారూ. వచ్చే ఏడు మూడు కొందాం, చందా అడగండి" అన్నది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఫోనులో కొమ్మెలైనా అంటే ఏమిటో వెదికి అందరికీ చూపించింది. తీరా చూస్తే అది మనకు తెలిసిన మొక్కే. వర్షాలు పడగానే మన పత్తి చేలలో, మిరప తోటల్లో నేలమీద పాకుతూ, చిన్న చిన్న నీలిరంగు పూలు పూస్తుంది. ఎంత పీకినా కణుపు మిగిలితే చాలు, మళ్ళీ వేరు పోసుకుంటుంది. అరుగు మీద కూర్చుని పిల్లలకు మజ్జిగ పోస్తున్న నాయనమ్మకు ఫోను ఇచ్చి, "దీని పేరు చెప్పలేకనే ఆ పిల్లగాడు ఆగిపోయిండు నాయనమ్మా" అన్నది. పెద్దామె కళ్ళు చికిలించి ఫోను దూరంగా పట్టుకుని చూసింది.

"ఇదా! దీన్ని పీకి పీకి నా నడుములు పోయినయి. చిన్నప్పుడు దీని ఆకు పప్పులో కూడా వేసుకునేటోళ్ళం."

"మరి దీన్ని మీరేమంటారమ్మా?" అని అడిగాను నేను, పేరు వ్రాసుకుందామని జేబులోంచి పెన్ను తీస్తూ.

"కలుపుకి పేరెందుకయ్యగారూ, పీకేదానికి?" అని ఫోను మనవరాలి చేతికిచ్చి మజ్జిగ కుండ దగ్గరకు జరిగింది.